కబుర్లు మోసే బండి

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని గ్రామాలలో బండ్రి ఒకటి. సండూరు కొండలు ఇనుప ఖనిజానికి పేరుపొందినవి. ఖనిజం లారీలను గాని, వాటి వెనుక లేచే ఎర్రదుమ్మును గాని ఈ ప్రాంతపు పిల్లలకు కొత్తగా వర్ణించి చెప్పనక్కరలేదు. అయితే ఆ లారీలో డ్రైవరు, క్లీనరు కాక మూడో మనిషి వంటిది ఒకటి ఉంటుందని చాలామందికి తెలియదు. అదొక చిన్న పెట్టె. దానిని జీపీఎస్ పరికరం అంటారు. నోరు లేకపోయినా అది దారి పొడవునా కబుర్లు పంపుతూనే ఉంటుంది.

ఆ పెట్టె ఊరకే రాలేదు. బళ్ళారి ప్రాంతంలో జరిగిన అక్రమ తవ్వకాలపై కర్ణాటక లోకాయుక్త 2011 జూలైలో నివేదిక సమర్పించారు. అదే నెల 29న సుప్రీంకోర్టు ఈ జిల్లాలో గనుల పనిని నిలిపివేసింది. 2012లో కొన్ని గనులు షరతులతో మళ్ళీ తెరుచుకున్నాయి. ఖనిజం మోసే లారీ ఎక్కడ ఉన్నదో, అనుమతి పొందిన దారినే పోతున్నదో లేదో ప్రభుత్వానికి తెలియాలన్న నియమం ఇటువంటి అనుభవం నుంచి పుట్టినదే. కొండ ప్రజలందరి సొత్తు. దానిని మోసుకుపోయే బండి జాడ తెలియాలనడంలో అన్యాయం లేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ఆకాశంలోని ఉపగ్రహం మన బండిని కనిపెట్టి చూస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉపగ్రహానికి బండి సంగతే తెలియదు. అది కాలాన్ని, తన స్థానాన్ని తెలిపే సంకేతాలను అందరికీ ఒకేలా పంపుతుంది. బండిలోని పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను విని, అవి చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి తానెక్కడున్నదో లెక్క కట్టుకుంటుంది. అంతవరకు ఆ సంగతి బండిలోనే ఉంటుంది. పరికరంలో సిమ్ ఉంటే మాత్రం ఆ లెక్క మొబైల్ టవర్ ద్వారా ఎక్కడో ఉన్న సర్వర్ అనే పెద్ద కంప్యూటరుకు చేరుతుంది. గుట్టు బయటికి పోయే ద్వారం ఇదే.

ఇప్పుడు ఈ ద్వారం ఇంటి కార్లకూ వచ్చింది. బళ్ళారికి పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, పెనుకొండ దగ్గర కియా కంపెనీ కార్ల కర్మాగారం ఉన్నది. అక్కడ తయారై 2019 ఆగస్టులో మార్కెట్టుకు వచ్చిన సెల్టోస్ కారులో ఇంటర్నెట్ ఏర్పాటు ఉన్న రకాలు కూడా ఉన్నాయి. మన దేశంలో ఇటువంటి కార్లు విరివిగా రావడం ఆ సంవత్సరంలోనే మొదలైంది. వీటివల్ల మేలు లేకపోలేదు. కారు దొంగల పాలైతే జాడ తెలుస్తుంది. ప్రమాదం జరిగితే సహాయ కేంద్రానికి కబురు అందుతుంది. ఎండలో నిలిపిన కారును ఇంట్లో నుంచే ఫోనుతో చల్లబరచవచ్చు.

అయితే అదే కారు ఎంత వేగంతో పోయింది, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు పడింది, ఏ వేళ బయలుదేరింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది అన్నవి కూడా నమోదు చేయగలదు. ఫోనును కారుకు కలిపితే అందులోని పేర్లు, నంబర్లు కారులోకి చేరవచ్చు. విడివిడిగా చూస్తే ఇవి చిల్లర సంగతులే. నెల రోజులవి ఒకచోట చేరిస్తే ఆ ఇంటివారు ఏ డాక్టరు దగ్గరికి వెళుతున్నారో, ఏ గుడికో మసీదుకో పోతున్నారో, ఇల్లు ఎప్పుడు తాళం వేసి ఉంటుందో తెలిసిపోతుంది.

అమెరికాలో జరిగిన ఒక సంగతి ఈ ప్రమాదాన్ని చక్కగా చూపుతుంది. జనరల్ మోటార్స్ కార్లు నడిపేవారి వివరాలు మధ్యవర్తి సంస్థల ద్వారా బీమా కంపెనీలకు చేరుతున్నాయని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. బీమా సొమ్ము హఠాత్తుగా పెరిగిన ఒకాయన తన గురించి ఏమున్నదో చూపమని అడిగితే 258 పేజీల నివేదిక వచ్చింది. ఆరు నెలల్లో ఆయన, ఆయన భార్య చేసిన 640 ప్రయాణాలు అందులో ఉన్నాయి. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీపై ఆంక్ష ప్రకటించింది. వినియోగదారుల చిట్టాలు తయారుచేసే సంస్థలకు ఇటువంటి వివరాలను ఐదేళ్ళపాటు ఇవ్వకూడదన్నది. 2026 జనవరిలో అది ఖరారైంది.

ఇందులో తప్పెక్కడ జరిగింది? వివరాలు సేకరించడంలోనే కాదు. ఒక పనికని తీసుకున్నదానిని యజమానికి సరిగా తెలియకుండా మరొక పనికి వాడారు. పెళ్ళి పిలుపుల కోసం ఇచ్చిన ఇంటి చిరునామాల పట్టికను వడ్డీ వ్యాపారికి అమ్మినట్లన్నమాట. ఈ పొరపాటు కంపెనీలే చేస్తాయనుకోరాదు. వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలను మొత్తంగా సొమ్ముకు ఇచ్చే విధానాన్ని మన కేంద్ర రవాణా శాఖ 2019లో తెచ్చింది. గోప్యతకు భంగమన్న అభ్యంతరాలు రావడంతో 2020 జూన్‌లో దానిని రద్దు చేసింది.

గోప్యత హక్కు విషయంలో కర్ణాటకవారు గర్వించదగినది ఒకటున్నది. ఈ రాష్ట్ర హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు.

తరువాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల ముఖ్య బాధ్యతలు అప్పటినుంచి పద్దెనిమిది నెలలకు అమలులోకి వచ్చేట్లు గడువు పెట్టారు. ఏ వివరాలు, ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పి సమ్మతి అడగాలని ఈ చట్టం అంటుంది. సమ్మతి ఇచ్చినంత సులభంగా దానిని వెనక్కు తీసుకునే వీలుండాలి. ప్రభుత్వానికి మాత్రం ఇందులో విస్తారమైన మినహాయింపులున్నాయి. అది విమర్శకు తావిచ్చింది.

లారీ డ్రైవరు సంగతి వేరుగా ఆలోచించవలసి ఉన్నది. బండి యజమానిది, జాడ మాత్రం డ్రైవరుది. సరకు దించి విశ్రాంతి తీసుకునే వేళ కూడా అతడెక్కడ ఉన్నాడో యజమాని ఫోనులో కనిపిస్తూ ఉంటే, ఖనిజం కోసం పెట్టిన కాపలా మనిషి మీది కాపలా అవుతుంది. ఈ విషయంపై జరగవలసినంత చర్చ జరగడం లేదు.

పాత కారు చేతులు మారినప్పుడు మరొక చిక్కు వస్తుంది. అమ్మినవారి ఫోనులోని యాప్ నుంచి కారును తొలగించకపోతే, కొన్నవారి కారు ఎక్కడున్నదో పాత యజమానికి కనిపిస్తూనే ఉండవచ్చు. అమ్మినవారి ఫోను నంబర్లు కారులోనే మిగిలిపోనూవచ్చు. కాగితాలు మార్చుకునే రోజునే రెండింటినీ చెరిపివేయించుకోవాలి.

సమ్మతి కోరే పత్రం సాధారణంగా ఇంగ్లీషులో, పేజీలకు పేజీలుగా ఉంటుంది. షోరూములో తాళం చెవులు చేతికిచ్చే సంబరంలో దానిని చదివేవారు అరుదు. 2023 చట్టం ప్రకారం ఆ పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ భాషల్లో కన్నడంతోపాటు తెలుగూ ఉన్నది. రాష్ట్రమేదన్న షరతు ఇందులో లేదు. కనుక బండ్రిలోని తెలుగు కుటుంబం కారు కొన్నప్పుడు కూడా ఆ పత్రాన్ని తెలుగులో చూపమని అడగవచ్చు.