ఎముకలో లోహపు కడ్డి

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడ పట్టణములున్నవి. నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారిపై మిర్యాలగూడ గలదు. రాత్రింబగళ్లు లారీలు నడచు ఈ దారుల ప్రక్క ఊళ్లలో "కాలిలో రాడ్డు వేసినారు" అను మాట క్రొత్తది కాదు. అరికాలిలో తుమ్మముల్లు విరిగినచో నాలుగు దినములలో చీము పట్టును. అట్లయిన తొడయెముకలో ఇంచుమించు మూరెడు పొడవుగల లోహపు కడ్డిని శరీరమెట్లు సహించుచున్నది?

ముల్లు తనతోపాటు సూక్ష్మజీవులను లోనికి తెచ్చును. వైద్యుడు అమర్చు కడ్డి సూక్ష్మజీవులు లేకుండ శుద్ధిచేయబడినది. అయినను శరీరము దానిని గమనింపక పోదు. కడ్డి లోపలికి పోయిన కొన్ని క్షణములలోనే రక్తములోని మాంసకృత్తులు దానిపై పలుచని పొరగా అంటుకొనును. కొన్ని గంటలలో తెల్లరక్తకణములు చేరును. తరువాత పెద్ద భక్షకకణములు వచ్చును. చిన్న రేణువైనచో అవి మ్రింగివేయును. కడ్డిని మ్రింగలేవు గనుక కొన్ని కణములు కలిసి ఒక్కటై దానిపై పరచుకొనును. అదియు ఫలింపనప్పుడు చుట్టునున్న కణజాలము సన్నని పీచుపొరను అల్లి, కడ్డిని వేరుచేయును. పెకలింపలేని బండను చేలో విడిచి, రైతు దాని చుట్టును దున్నుకొనుట వంటిదే ఇది.

ఏ లోహమైనను ఇట్లు ఇముడునా? ఇమడదు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపినచో అది ఉప్పదనములో మన రక్తమునకు సమీపముగా నుండును. ఆ నీటిలో ఇనుప మేకును, స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాను కొన్నిదినములుంచి విద్యార్థులు పరిశీలింపవచ్చును. మేకు తుప్పు పట్టును, చెంచా నిగనిగలాడుచుండును. స్టీలులోని క్రోమియము ఆమ్లజనితో కలిసి కంటికి కానరాని కవచమును ఏర్పరచును. టైటానియముపై ఇట్టి పొర మిల్లీమీటరులో లక్షవవంతుకంటె పలుచన. గీచిన వెంటనే మరల ఏర్పడును. 1952లో స్వీడనులో బ్రోనెమార్క్ అను శాస్త్రజ్ఞుడు కుందేటి యెముకలో నుంచిన టైటానియము పరికరమును తిరిగి తీయబోగా రాలేదు; ఎముక దానిని అంటి పెరిగినది! 1965లో ఆయన ఒక రోగి దవడలో టైటానియము మరలపై దంతములను నిలిపెను. 1973లో హైదరాబాదులో స్థాపింపబడిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియము మిశ్రలోహములను తయారుచేయుచున్నది.

ఎముకకును ఒక స్వభావము గలదు: భారము మోసినకొలది గట్టిపడును, మోయనిచో పలుచబడును. ఉక్కు బిరుసుదనము ఎముకకు సుమారు పదిరెట్లు. కనుక పలకయే భారమంతయు మోసినచో దానిక్రింది యెముక క్షీణింపవచ్చును. టైటానియము బిరుసుదనము ఉక్కులో దాదాపు సగము, ఇదియొక మేలు. ఎముక అతికిన పిదప కడ్డిని తీయవలెనా, ఉంచవలెనా అనునది ఎక్స్‌రే చూచి వైద్యుడు నిర్ణయించును. అందరికిని తీయవలసిన పనిలేదు.

అసలు భయము సూక్ష్మజీవుల వలన. లోహమునకు రక్తనాళములు లేవు. అందుపై చేరిన సూక్ష్మజీవులు బంకపొరను కట్టుకొని దాగును. తెల్లరక్తకణములు గాని, మందులు గాని వానిని సులభముగా నశింపజేయలేవు. ఏండ్లు గడచిన తరువాతనైనను వాపు, ఎరుపు, రసికారుట, జ్వరము, క్రొత్తనొప్పి కనిపించినచో "ఒంటికి పడలేదు" అని సరిపెట్టుకొని పసరుపట్టు వేయుట ప్రమాదము. శస్త్రవైద్యుని వద్దకు వెంటనే పోవలెను. ఆలస్యమైనకొలది ఆ పొర బలపడును. కడ్డితో పాటు ఎముకకును ముప్పు కలుగును.