కడుపు చిన్నదని కలవరమేల.. కదలిక తగ్గితేనే జాగ్రత్త

తిరువూరు: ఐదో నెలలో చలిమిడి పెట్టడానికి వచ్చిన పుట్టింటి వారు గర్భిణిని చూడగానే మొదట అనే మాట కడుపు గురించే. ‘ఇంకా బయటపడనే లేదేమిటి’ అని ఒకరు, ‘కవలలేమో’ అని మరొకరు అంటారు. పక్కింటి కోడలితో పోల్చి చూసేవారూ ఉంటారు. తొలి చూలు యువతికి ఆ రాత్రి నిద్ర ఉండదు. అయితే పైకి కనిపించే కడుపును బట్టి బిడ్డ ఎదుగుదలను నిర్ణయించలేమని ప్రసూతి వైద్యులు స్పష్టం చేస్తున్నారు.

తొలి కాన్పులో ఉదర కండరాలు బిగువుగా ఉండటంతో కడుపు ఆలస్యంగా కనిపిస్తుంది. మలి కాన్పుల్లో అవి సడలడం వల్ల త్వరగా బయటపడుతుంది. పొడవైన స్త్రీలకు చిన్నదిగా, పొట్టివారికి ముందుకు వచ్చినట్లుగా అగుపించడం సహజం. కడుపు ముందుకు ఉంటే మగబిడ్డ, పక్కలకు ఉంటే ఆడబిడ్డ అన్న మాటకు ఎలాంటి ఆధారమూ లేదు.

లెక్కలోనే తేడా

అసలు చిక్కు చాలా ఇళ్లలో నెలల లెక్క దగ్గరే వస్తోంది. వైద్యులు చివరి బహిష్టు మొదటి రోజు నుంచి వారాల్లో లెక్కిస్తారు. ఇళ్లలో పెద్దవారు నెల తప్పిన నాటి నుంచి లెక్క కడతారు. పైగా ‘ఐదో నెల పడింది’ అనడానికి, ‘ఐదు నిండాయి’ అనడానికి మధ్య నాలుగు వారాల వ్యత్యాసం ఉంది. 20 వారాలకు సుమారు 300 గ్రాములుండే బిడ్డ, 24 వారాలకు దాదాపు రెట్టింపు బరువుకు చేరుతుంది. ఇద్దరు గర్భిణులూ ‘ఐదో నెలే’ అంటున్నా వారి కడుపులు ఒకే తీరుగా ఉండకపోవడంలో వింత లేదు.

ఎదుగుదలను తేల్చేది టేపు కొలత. గర్భాశయం పైఅంచు 20 నుంచి 24 వారాల మధ్య బొడ్డు స్థాయికి చేరుతుంది. 24 వారాలు దాటాక జఘనాస్థి నుంచి పైఅంచు వరకు ఎన్ని సెంటీమీటర్లుంటే సుమారుగా అన్ని వారాల గర్భమని లెక్క. రెండు మూడు సెంటీమీటర్లకు మించి తేడా వచ్చినా, ఒక పరీక్షకూ మరో పరీక్షకూ పెరుగుదల లేకపోయినా స్కానింగ్ అవసరం. తల్లికి రక్తహీనత, అధిక రక్తపోటు ఉంటే బిడ్డ ఎదుగుదల మందగించవచ్చు. మధుమేహం, ఉమ్మనీరు ఎక్కువ కావడం వంటి కారణాల వల్ల కొలత పెరగవచ్చు. ఇనుము మాత్రలతో బిడ్డ నల్లబడుతుందని వాటిని చూరులో దాచేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయం నిరాధారం. రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వాడాల్సిందే.

ఎప్పుడు తెలుస్తాయి?

బిడ్డ కదలికలు తొలి చూలులో 18-20 వారాలకు, మలి చూలులో 16 వారాల నుంచే తెలియవచ్చు. మావి గర్భాశయం ముందు గోడకు అంటుకొని ఉంటే ఇంకొంత ఆలస్యమవుతుంది. మొదట్లో గాలి బుడగ కదిలినట్లుండటంతో కొందరు గ్యాస్ అనుకుంటారు. ఒకరోజు తెలిసి మరుసటి రోజు తెలియకపోవడం ఈ దశలో మామూలే. 24 వారాలు వచ్చినా ఏమీ తెలియకపోతే మాత్రం పరీక్ష చేయించుకోవాలి.

తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట మండలాల్లో పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లే గర్భిణులు పనిలో ఉన్నంతసేపు కదలికలను గమనించలేరు. నడుస్తున్నప్పుడు ఆ ఊపుకు బిడ్డ నిద్రపోవడమూ కద్దు. రాత్రి భోజనం చేసి పడుకున్నాక బాగా తెలుస్తాయి.

28 వారాల తర్వాత లెక్క మారుతుంది. అప్పటికి ప్రతి బిడ్డకూ తనదైన తీరు ఏర్పడుతుంది. తగ్గినట్లు అనిపిస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కించాలి. రెండు గంటల్లో పది కదలికలైనా లేకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నెలలు నిండేకొద్దీ కదలికలు తగ్గుతాయన్నది పొరపాటు. కదిలే తీరు మారవచ్చునే గాని, కదలడం తగ్గకూడదు. తీపి తినిపించి, చల్లని నీరు తాగించి తెల్లవారేదాకా చూద్దామనుకోవడంలోనే ప్రాణాపాయం ఉంది. బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందనప్పుడు కనిపించే తొలి సూచన చాలాసార్లు ఇదే. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం కనిపించినా ఆలస్యం చేయరాదు.

తిరువూరు నుంచి మైలవరం మీదుగా విజయవాడ చేరడానికి గంటన్నరకు పైగా పడుతుంది. వేళ కాని వేళ అయినా 108కు ఫోన్ చేసి, ముందుగా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో బిడ్డ గుండె చప్పుడు వినిపించుకోవాలి. అత్యవసరం కాని సందేహాలకు ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద వైద్యులే స్వయంగా చూస్తారు. వెళ్లేటప్పుడు మాతాశిశు సంరక్షణ కార్డు తీసుకెళితే, కిందటి కొలతతో పోల్చి చూడటం వీలవుతుంది.