మీకు తెలుసా? ఓట్లతో తేలిన పోకర్ మొనగాడు

1970లో లాస్ వెగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూ కాసినోలో మొదటి ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ జరిగినప్పుడు విజేతను తేల్చింది పేకముక్కలు కాదు, ఓట్లు! ఆడినవన్నీ క్యాష్ గేములే. పోగొట్టుకున్నవాడు జేబులోంచి ఇంకొంత తీసి మళ్లీ కూర్చోవచ్చు, గెలిచినవాడు ఎప్పుడంటే అప్పుడు లేచిపోవచ్చు. అలాంటప్పుడు మొనగాడెవరో ఎలా చెప్పడం? ఆటగాళ్లే ఓటేసి జానీ మాస్‌ను ఎన్నుకున్నారు. మరుసటి ఏడాది పద్ధతి టోర్నమెంట్‌గా మారింది: చిప్స్ అయిపోతే ఇంటికే. మళ్లీ మాసే గెలిచాడు. ఓట్లు సరిగ్గానే పడ్డాయన్నమాట!

పాయింట్స్ రమ్మీ వదిలి, 101 పాయింట్లకు చేరితే బయటికి పంపేసే 101 పూల్ రమ్మీకి మారినవాళ్లకు క్యాష్ గేముకూ టోర్నమెంట్‌కూ ఉన్న ఈ తేడా తెలిసిందే. పోకర్ టోర్నమెంట్‌లో ఇంకో చిక్కుంది. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందేలు, గడియారాన్ని బట్టి పెరుగుతూ పోతాయి. మంచి ముక్కల కోసం కాచుక్కూర్చుంటే చిప్స్ కరిగిపోతాయి. 100 బిగ్ బ్లైండ్లతో (అంటే పెద్ద బ్లైండ్‌కు 100 రెట్ల చిప్స్‌తో) నిదానంగా ఆడే అలవాటున్నవాడు, 10 మాత్రమే మిగిలాక చాలాసార్లు ఉన్నదంతా ఒడ్డాలి, లేదా ముక్కలు పడేయాలి.

అలాగని చిప్స్ తగ్గితే కథ ముగిసినట్టూ కాదు. 1982లో జాక్ స్ట్రాస్ ఒకే ఒక్క చిప్ మిగిలిన దశ నుంచి పుంజుకుని వరల్డ్ సిరీస్ ప్రధాన టోర్నమెంట్ అయిన మెయిన్ ఈవెంట్ గెలిచాడు.