గ్రౌస్ గ్రైండ్: ఎక్కే ముందు నాలుగు మాటలు

వాంకూవర్‌లో చెర్రీలు పూతకొచ్చేసరికి మన ఇళ్ళలో రెండు సందళ్ళు మొదలవుతాయి. ఒకటి ఇండియా నుంచి అమ్మానాన్నలు రావడం, రెండోది శనివారం వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళాలన్న చర్చ. ఆ చర్చలో గ్రౌస్ గ్రైండ్ పేరు రాక మానదు. "ఎంతండీ, రెండున్నర కిలోమీటర్లేగా!" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఈ వారం ఆ "ఎంత" సంగతి చూద్దాం.

నార్త్ వాంకూవర్‌లో గ్రౌస్ కొండ పాదం నుంచి అడవిలోంచి నిట్టనిలువుగా పైకి పోయే బాట ఇది. 1980ల మొదట్లో డాన్ మెక్‌ఫెర్సన్, ఫిల్ సెవరీ అనే ఇద్దరు పర్వతారోహకులు వేశారు. ఇప్పుడు దీని ఆలనాపాలనా మెట్రో వాంకూవర్ ప్రాంతీయ పార్కుల వాళ్ళు చూస్తున్నారు. పొడవు 2.5 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు దాదాపు 800 మీటర్లు, మెట్లు వేలల్లో.

మన లెక్కలో చెప్పుకుందాం. తిరుమలకి అలిపిరి దారిలో 3,550 మెట్లున్నా, అవి సుమారు 9 కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంటాయి. మధ్యలో చదును నేల, నీళ్ళు, అంగళ్ళు. గ్రైండ్‌కి దగ్గర చుట్టం శ్రీవారి మెట్టు: రెండు కిలోమీటర్ల పైచిలుకులో 2,388 మెట్లు. కాకపోతే ఇక్కడివి కట్టిన మెట్లు కావు. రాళ్ళు, దుంగలు, చెట్ల వేళ్ళు. ఒక్కోటీ ఒక్కో ఎత్తు, తడిస్తే జారుడు. దారిలో మంచినీళ్ళు దొరకవు. మామూలుగా గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. కొత్తవారికి ఇంకాస్త ఎక్కువే.

వసంతంలో అందరూ అడిగే ప్రశ్న: ఊళ్ళో ఎండ కాస్తుంటే గేటెందుకు మూసి ఉంది? వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. అంటే గ్రైండ్ పైకొస కింది కంటే ఐదు డిగ్రీలు చల్లన. కింద వాన పడిన రోజే పైన మంచు కురవచ్చు. హెమ్లాక్, సీడార్ చెట్ల నీడలో ఆ మంచు త్వరగా కరగదు. పగలు కాస్త కరిగి, రాత్రి గడ్డకట్టి, గాజుపలకలా తయారవుతుంది. 1999 చలికాలంలో ఇక్కడ మంచుచరియ విరిగిపడి ఒకరు చనిపోయారు కూడా. అందుకే తెరిచే తేదీ ఏటా మంచుని బట్టి మారుతుంది. బయల్దేరే ముందు మెట్రో వాంకూవర్ వెబ్‌సైటు చూసుకోండి. కంచె దూకే పని మాత్రం వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఇది ఎక్కడానికే గాని దిగడానికి కాదు. దిగేది గండోలాలో, టికెట్ కొనుక్కుని. కాబట్టి ఎక్కగలమా లేదా అన్నది పావు దూరం గుర్తు దగ్గరే తేల్చుకోవాలి. మన నాన్నలు పిల్లల సరదా పాడవుతుందని "నాకేం ఫరవాలేదు, పదండి" అంటారు. ఆ మాట నమ్మకండి. నాలుగు మాటలు ఆగకుండా మాట్లాడించి చూడండి. మాటకీ మాటకీ మధ్య ఎగశ్వాస వస్తుంటే అక్కడే వెనక్కి తిప్పండి. మోకాళ్ళ నొప్పులు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది. వాళ్ళని గండోలాలో పైకి పంపి, మీరు నడిచి వెళ్ళి కలుసుకోండి. పైనుంచి వాంకూవర్ ఊరూ, బర్రార్డ్ ఇన్‌లెట్ నీళ్ళూ, మబ్బు లేని రోజున అమెరికా వైపు మౌంట్ బేకర్ మంచుశిఖరమూ అందరికీ ఒకేలా కనిపిస్తాయి.

ఆపద వస్తే 911కి ఫోన్ చేయడానికి జంకకండి. నార్త్ షోర్ రెస్క్యూ వాలంటీర్లు 1965 నుంచి ఈ కొండల్లో పనిచేస్తున్నారు, కాపాడినందుకు డబ్బు తీసుకోరు. అంబులెన్సు, ఆసుపత్రి ఖర్చులు మాత్రం వేరు. విజిటర్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తించదు. అమ్మానాన్నలకి తీసుకున్న పాలసీలో పాత జబ్బులకి వర్తింపు ఉందో లేదో ఇవాళే చదవండి.

పట్టున్న బూట్లు, మనిషికో లీటరు నీళ్ళు, పైన వేసుకోవడానికి ఒక కోటు, చార్జింగ్ ఉన్న ఫోను. ఇవి ఉంటే చాలు. హాయిగా ఎక్కి రండి. సెలవు.