కంటిలోనూ, శుక్రకణంలోనూ అయాన్ ద్వారాలు: బెంజమిన్ కౌప్ పరిశోధనలు

జీవుల శరీరంలోని ప్రతి కణాన్నీ ఒక పలుచని కొవ్వు పొర చుట్టి ఉంటుంది. సోడియం, పొటాషియం, కాల్షియం వంటి విద్యుదావేశం గల అయాన్లు ఈ పొరను సులభంగా దాటలేవు. పొరలో ఇమిడి ఉన్న ప్రొటీన్ ద్వారాలు తెరుచుకున్నప్పుడే అవి లోపలికీ వెలుపలికీ సాగుతాయి. ఈ ద్వారాలనే శాస్త్ర పరిభాషలో అయాన్ ఛానెళ్లు అంటారు. కన్ను వెలుగును గుర్తించడం, ముక్కు వాసనను పసిగట్టడం, శుక్రకణం అండాన్ని చేరుకోవడం వీటిపైనే ఆధారపడి ఉన్నాయి. ఈ మూడింటికీ మధ్య గల బంధుత్వాన్ని వెలికితీసిన వారిలో జర్మనీ జీవరసాయన శాస్త్రవేత్త యు. బెంజమిన్ కౌప్ ముఖ్యులు. ఆయన యూలిష్ పరిశోధనా కేంద్రంలోనూ, 2008 నుండి బాన్ నగరంలోని సీజర్ పరిశోధనా సంస్థ సారథిగానూ ఈ కృషిని కొనసాగించారు.

కంటి వెనుక గల నేత్రపటలంలోని దండకణాలు మసక వెలుగులో చూపునిస్తాయి. వెలుగు సోకగానే ఈ కణాలలో విద్యుత్ప్రవాహం మొదలవుతుందని సామాన్యులు ఊహిస్తారు. జరిగేది ఇందుకు విరుద్ధం. చీకటిలో ద్వారాలు తెరిచి ఉండి ప్రవాహం సాగుతూ ఉంటుంది. వెలుగు పడగానే అవి మూసుకుంటాయి. వెలుగు పడిన వార్తను ద్వారానికి చేరవేసే దూత ఏది అన్న విషయమై చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. కాల్షియమే ఆ దూత అని ఎక్కువ మంది భావించారు. సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువు నేరుగా ద్వారాన్ని తెరుస్తుందని 1985లో సోవియట్ శాస్త్రవేత్త ఫెసెంకో బృందం నిరూపించడంతో ఆ వివాదం సమసిపోయింది. వెలుగు ఈ అణువు పరిమాణాన్ని తగ్గించి, తద్వారా ద్వారాన్ని మూయిస్తుంది.

ద్వారం ఉన్నదని తెలిసింది గాని, అది ఏ ప్రొటీన్ అన్నది తెలియలేదు. కౌప్ బృందం 1987లో ఎద్దు కంటి నుండి ఆ ప్రొటీన్‌ను శుద్ధి చేసింది. జపాన్‌లోని క్యోటోకు చెందిన షోసాకు నుమా బృందంతో కలిసి 1989లో దాని జన్యు నిర్మాణాన్ని వెల్లడించింది. ఆ జన్యు సందేశాన్ని కప్ప అండంలో ప్రవేశపెట్టగా అక్కడ కూడా సైక్లిక్ జీఎంపీతో తెరుచుకునే ద్వారాలు ఏర్పడ్డాయి. ఇదే జన్యువులోని లోపాలు రెటినైటిస్ పిగ్మెంటోసా వ్యాధికి, అంటే రేచీకటితో మొదలై క్రమంగా చూపును హరించే వ్యాధికి, ఒక కారణమని 1995లో తేలింది. ముక్కులోని ఘ్రాణకణాలలో కూడా ఈ కుటుంబానికే చెందిన ద్వారం ఉండడం గమనార్హం.

కంటి నుండి శుక్రకణానికి మారడం మొదట వింతగా తోచవచ్చు. అయితే శుక్రకణం కూడా ఒక విధంగా ఇంద్రియ కణమే. దానికి చూపు లేకున్నా దారి వెదుక్కోక తప్పదు. కౌప్ బృందం ఈ అధ్యయనానికి సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవిని ఎంచుకున్నది. ఈ జీవులు అండాలను, శుక్రకణాలను సముద్ర జలంలోనే విడుస్తాయి. అండం చుట్టూ ఉన్న పొర నుండి రిసాక్ట్ అనే చిన్న పెప్టైడ్ వెలువడి, నీటిలో వ్యాపించి శుక్రకణాన్ని ఆకర్షిస్తుంది. రిసాక్ట్ తగలగానే శుక్రకణపు తోకలో సైక్లిక్ జీఎంపీ పెరుగుతుంది. కంటిలో పనిచేసే దూతయే ఇక్కడా పనిచేస్తున్నదన్న మాట. అది పొటాషియం ద్వారాన్ని తెరుస్తుంది. పొర విద్యుత్ స్థితి మారుతుంది. చివరకు కాల్షియం లోపలికి ప్రవేశించి తోక కదలికను మార్చగా శుక్రకణం అండం వైపు మలుపు తిరుగుతుంది. ఆకర్షక పదార్థపు ఒక్క అణువుకు కూడా శుక్రకణం స్పందించగలదని 2003లో ఈ బృందం వెల్లడించింది. ఇదే జీవి శుక్రకణాలలో 1998లో వారు గుర్తించిన మరొక ద్వారం, మన గుండె లయను నడిపే ద్వారాల కుటుంబానికి చెందినదే కావడం విశేషం.

మానవ శుక్రకణంలో ఈ వరుస ఇదే విధంగా ఉండదు. ఇక్కడ కీలకం క్యాట్‌స్పర్ అనే కాల్షియం ద్వారం. అమెరికాలో డేవిడ్ క్లాఫమ్ బృందం 2001లో దీనిని కనుగొన్నది. ఇది లోపించిన మగ ఎలుకలకు సంతానం కలగలేదు. అండాన్ని ఆవరించి ఉండే కణాలు ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను విడుస్తాయి. హార్మోన్లు సాధారణంగా జన్యువుల ద్వారా, నెమ్మదిగా పనిచేస్తాయి. శుక్రకణం మాత్రం క్షణంలోపే స్పందిస్తుంది. ప్రొజెస్టెరాన్ క్యాట్‌స్పర్‌ను తెరిపించడమే దీనికి కారణమని 2011లో కౌప్ బృందం, అమెరికాలోని మరొక బృందం ఏకకాలంలో ప్రకటించాయి. ఈ హార్మోన్‌ను ముందుగా అందుకునే ప్రొటీన్ వేరొకటి ఉన్నదని 2016లో అమెరికా శాస్త్రవేత్తలు తెలిపారు.

ఈ ద్వారం అపరిచిత పదార్థాలకు కూడా తెరుచుకోవడం ఆందోళన కలిగించే అంశం. నిత్య జీవితంలో వాడే 96 రసాయనాలను పరీక్షించగా, సుమారు మూడింట ఒక వంతు మానవ శుక్రకణాలలో కాల్షియం స్థాయిని పెంచినట్లు జర్మనీ, డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2014లో వెల్లడించారు. సన్‌స్క్రీన్ లేపనాలలో వాడిన 4-ఎంబీసీ, టూత్‌పేస్టులు, సబ్బులలో వాడిన ట్రైక్లోసాన్ వీటిలో ఉన్నాయి. విడివిడిగా స్వల్పమైన మోతాదులు కూడా కలిసినప్పుడు ప్రభావం చూపాయి. పాత్రికేయులు ఇక్కడ ఒక హద్దు గమనించవలసి ఉన్నది. ఇవి ప్రయోగశాలలో వేరుచేసిన శుక్రకణాలపై జరిపిన పరీక్షలు. ఫలానా లేపనం వాడినవారికి సంతానం కలగదని ఈ అధ్యయనం చెప్పలేదు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. సంతానం లేకపోతే స్త్రీని నిందించే ఆనవాయితీ మన సమాజంలో ఇంకా తొలగిపోలేదు. భర్తకు చేసిన వీర్య పరీక్షలో లోపం కనిపించకపోతే ఆ నింద మరింత బలపడుతుంది. శుక్రకణాల సంఖ్య, ఆకారం, కదలిక సాధారణంగా ఉన్నా క్యాట్‌స్పర్ పనిచేయని పురుషులు ఉంటారని 2024లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. 2011 నాటి కౌప్ బృందంలో పనిచేసిన టిమో స్ట్రుంకర్ మ్యూన్‌స్టర్ నగరంలో దీనిని నిర్వహించారు. రెండు వేల మందికి పైగా పురుషుల నమూనాలను పరిశీలించి, ఈ లోపాన్ని గుర్తించే సులభమైన ప్రయోగశాల పరీక్షను ఆయన బృందం రూపొందించింది. ఈ లోపం ఉన్నవారికి గర్భాశయంలోకి వీర్యాన్ని పంపే పద్ధతి గాని, సాధారణ టెస్ట్‌ట్యూబ్ పద్ధతి గాని ఫలించవు. శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ప్రవేశపెట్టే ఇక్సీ చికిత్స ఒక్కటే వారికి మార్గం. ముందుగా పరీక్ష జరిగితే దంపతులకు వృథా చికిత్సల వ్యయం, శ్రమ తప్పుతాయి.