ఇల్లే బడి - వంటిల్లే ప్రయోగశాల

విద్యకు నిలయం పాఠశాల అని మనమందరం భావిస్తాము. అయితే పిల్లలను పాఠశాలకు పంపక, తల్లిదండ్రులే ఇంటి వద్ద సమస్త విషయాలనూ బోధించే పద్ధతి ఒకటి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విస్తారంగా ఉన్నది. దీనినే గృహవిద్య అంటారు. భాషను, గణితాన్ని, చరిత్రను ఇంట బోధించడం ఊహకందే విషయమే. కాని ప్రయోగశాల లేని ఇంటిలో, అందునా మతవిశ్వాసం గాఢంగా గల క్రైస్తవ కుటుంబాలలో, విజ్ఞానశాస్త్రాన్ని ఎట్లా బోధిస్తారు? ఆ విధానాన్ని, దాని బలాన్ని, దానిలోని చిక్కును ఈ వ్యాసంలో వివరింపదలచాము.

అమెరికా సుప్రీంకోర్టు 1962, 1963 సంవత్సరాలలో ఇచ్చిన తీర్పులలో, ప్రభుత్వ పాఠశాలలలో అధికారికంగా ప్రార్థనలు జరిపించడం, బైబిలు పఠనం చేయించడం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. జీవపరిణామ సిద్ధాంత బోధనను నిషేధించిన ఆర్కన్సా రాష్ట్ర శాసనాన్ని 1968లో కొట్టివేసింది. ఈ మార్పులతో కలత చెందిన క్రైస్తవ తల్లిదండ్రులు కొందరు తరువాతి రెండు దశాబ్దాలలో పిల్లల చదువును ఇంటికి మార్చుకొన్నారు. ఆనాడు పెక్కు రాష్ట్రాలలో దీనికి చట్టపు అండ లేదు. న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చిన తల్లిదండ్రులు కలరు. 1993 నాటికి 50 రాష్ట్రాలలోనూ గృహవిద్య చట్టసమ్మతమైంది. 1999లో సుమారు 8 లక్షల 50 వేల మంది బాలబాలికలు ఇంట చదువుతున్నారని అక్కడి విద్యాశాఖ అంచనా వేయగా, 2012లో ఆ సంఖ్య 17 లక్షలు దాటింది. వీరందరూ క్రైస్తవులు కారు. అందరూ మతం కోసమే ఈ మార్గం పట్టినవారూ కారు. అయినా ఈ ఉద్యమానికి ఊపునిచ్చిన వారిలో క్రైస్తవ కుటుంబాలు ప్రధానమైనవి.

శాస్త్రం చదువుకోని తల్లి శాస్త్రాన్ని ఎట్లా బోధించగలదన్నది మొదటి సందేహం. దీనికి చరిత్రలోనే ఒక సమాధానం ఉన్నది. పందొమ్మిదో శతాబ్ది ప్రారంభంలో లండను నగరంలో జేన్ మార్సెట్ అనే గృహిణి, హంఫ్రీ డేవీ ఉపన్యాసాలను విని, తనకు బోధపడిన రసాయనశాస్త్రాన్ని ఒక ఉపాధ్యాయినికీ ఇద్దరు బాలికలకూ నడుమ జరిగే సంభాషణలుగా వ్రాసింది. పుస్తకాలు కుట్టే దుకాణంలో పనివాడుగా ఉన్న ఒక కమ్మరి కుమారుడు ఆ గ్రంథాన్ని చదివాడు. అతడే మైకేల్ ఫారడే. బడిలో అతడు నేర్చినది చదవడం, వ్రాయడం, లెక్కలు మాత్రమే. అయినా చదివిన మాటను చదివినట్లే నమ్మక, తన కొద్దిపాటి డబ్బుతో చేయగలిగిన చిన్న ప్రయోగాలతో దానిని సరిచూచుకొన్నాడు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న ఆ మహనీయుడు జీవితాంతం ఒక చిన్న క్రైస్తవ శాఖలో నిష్ఠగల సభ్యుడు. చదువు, ఆపై పరీక్ష - గృహవిద్యలో శాస్త్రబోధనకు మూలసూత్రం ఇదే.

ఈ సూత్రాన్ని ఆచరించడానికి ఒక క్రొవ్వొత్తి చాలును. ఫారడే స్వయంగా బాలల కోసం క్రొవ్వొత్తిని గురించి ఉపన్యాసాలిచ్చాడు. వెలుగుతున్న ఒత్తిని ఆర్పి, పైకి లేచే తెల్లని పొగకు వెంటనే అగ్గిపుల్లను చూపితే మంట ఆ పొగ వెంబడి దుమికి మరల ఒత్తిని అంటుకొంటుంది. మండేది మైనపు ఆవిరియేనని దీనివలన తెలుస్తుంది. చల్లని గాజు గ్లాసును మంటపై కొద్దిసేపు బోర్లిస్తే లోపల తేమ పడుతుంది. మైనంలోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరైనదన్నమాట. ఆ గ్లాసులో సున్నపు తేటను పోసి కదిపితే అది పాలవలె మారుతుంది. అది బొగ్గుపులుసు వాయువుకు నిదర్శనం. ఇట్లే అమెరికా గృహాలలో ఊదారంగు క్యాబేజీ రసంతో ఆమ్ల క్షారాలను గుర్తిస్తారు. వెనిగరులో అది ఎరుపెక్కుతుంది. వంటసోడాలో నీలిరంగుకు తిరుగుతుంది. మన ఇండ్లలో పసుపు మరకకు సబ్బు తగిలినపుడు ఎర్రబడడం ఈ కోవలోనిదే. పిల్లవాడు ముందు తన ఊహను, తరువాత తాను చూచినదానిని నోటుపుస్తకంలో వ్రాయాలి. ఊహ తప్పినా కొట్టివేయకూడదు.

అయితే ఇంటికి హద్దులు కలవు. ఘాటైన ఆమ్లాలు, సూక్ష్మమైన తూనికలు, శక్తిమంతమైన సూక్ష్మదర్శినులు వంటింటికి తగినవి కావు. బట్టలు తెలుపుచేసే క్లోరిన్ ద్రావణంలో వెనిగరు కలిపితే విషవాయువు పుడుతుంది. కనుక పెద్దల పర్యవేక్షణ అత్యవసరం. అందుచేతనే పలు కుటుంబాలు కలిసి, శాస్త్రం తెలిసిన ఒకరి వద్ద తమ పిల్లలకు ప్రయోగాలు చేయిస్తారు. పై తరగతుల విద్యార్థులు కొందరు సమీప కళాశాలలలో చేరుతారు.

అసలైన చిక్కు ప్రయోగాలలో లేదు. సృష్టిని గురించిన పాఠంలో ఉన్నది. ఈ కుటుంబాలలో వాడే పాఠ్యపుస్తకాలు కొన్ని భూమి వయస్సు కొన్నివేల సంవత్సరాలేనని చెబుతాయి. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని శాస్త్రం నిర్ణయించింది. యురేనియం 238 క్రమేణా సీసంగా మారుతుంది. దానిలో సగం మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ప్రాచీన శిలలలో, ఉల్కలలో ఈ మార్పును కొలిచి ఈ లెక్క కట్టారు. క్రైస్తవులందరూ దీనిని కాదనేవారు కారు. పరిణామ సిద్ధాంతం కేవలం ఊహకు మించినదని పోప్ రెండవ జాన్ పాల్ 1996లో ప్రకటించాడు. మానవ జన్యుపటలాన్ని 2003లో పూర్తిచేసిన బృహత్పథకానికి నాయకుడైన ఫ్రాన్సిస్ కాలిన్స్, బాల్యంలో వర్జీనియాలోని ఒక వ్యవసాయ క్షేత్రంలో తల్లి వద్దనే చదువుకొన్నాడు. ఆ ఇల్లు మతనిష్ఠకు పేరుపడినది కాదు. యౌవనంలో ఆయన నాస్తికుడు. తరువాత క్రైస్తవాన్ని స్వీకరించి, పరిణామ సిద్ధాంతాన్ని కూడ నిస్సంకోచంగా అంగీకరించాడు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. క్రొవ్వొత్తిని పరీక్షించమని నేర్పిన తల్లి, శిలల వద్దకు వచ్చేసరికి పరీక్ష వద్దని అనరాదు. తన విశ్వాసాన్ని బిడ్డకు చెప్పే హక్కు ఆమెకు పూర్తిగా ఉన్నది. దానితోపాటు శాస్త్రజ్ఞుల నిర్ణయమేమిటో, దానికి ఆధారమేమిటో దాచక చెప్పవలసిన బాధ్యతయూ ఉన్నది. దాచిన పాఠం ఏనాటికైనా బయటపడుతుంది. ఆనాడు ఆ బిడ్డ శాస్త్రాన్ని మాత్రమే గాక, తల్లి చెప్పిన ఇతర విషయాలను సైతం శంకించే ప్రమాదం కలదు.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. మన రాజ్యాంగం 30వ అధికరణం ద్వారా అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను నెలకొల్పి నిర్వహించుకొనే హక్కును ప్రసాదించింది. మతసంస్కృతులను కాపాడుకొంటూ శాస్త్రజ్ఞానాన్ని కొరత లేకుండా అందించవలసిన బాధ్యత ఆ హక్కుతోపాటే మనకు సంక్రమించింది. సెలవులకు ఇండ్లకు వెళ్లే విద్యార్థి సోదర సోదరీమణులు తమ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క క్రొవ్వొత్తి పాఠమైనా చెప్పాలని మా కోరిక. వారు అడిగే ప్రశ్నకు సమాధానం తెలియనపుడు, కసరక, కలిసి వెదకుదామని చెప్పగలిగితే ఆ ఇంట శాస్త్రబోధన ఆరంభమైనట్లే.