జీవించియున్న మెదడులో వ్యాధిని చూచుట

1901వ సంవత్సరమున జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక చికిత్సాలయమునకు, తన పేరు తాను వ్రాయబోయి నడుమనే మరచిపోవుచుండిన ఏబదియొక్క యేండ్ల ఆగుస్టె డేటర్ అను స్త్రీని తీసికొనివచ్చినప్పుడు, ఆమెను పరీక్షించిన ఆలోయిస్ ఆల్జీమర్ వైద్యునకు ఆ వైకల్యమునకు మూలమేదో తెలిసికొను మార్గము లేకపోయెను. 1906లో ఆమె మరణించిన పిదప, మెదడును పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో పరిశీలించినప్పుడుగాని, నాడీకణముల వెలుపల పేరుకొన్న మచ్చలును, లోపల మెలివడిన తంతువులును ఆయన కంటబడలేదు. ఆ తరువాత దాదాపు నూరేండ్లు, ఆయన పేరనే పిలువబడు ఈ వ్యాధిని నిస్సంశయముగ నిర్ధారించుట రోగి గతించిన పిమ్మటనే సాధ్యమగుచువచ్చెననిన, ఆ కుటుంబములు అనుభవించిన అనిశ్చితి ఎంతటిదో ఊహింపవచ్చును.

ఆ దుఃస్థితిని మార్చినది పెట్ స్కాన్. రేడియోధార్మిక పరమాణువును తగిన అణువునకు జతపరచి రక్తములోనికి ఎక్కించినచో, అది క్షయించునప్పుడు వెలువడు పాజిట్రాన్ సమీపమందలి ఎలక్ట్రాన్‌ను కలిసికొని, రెండును నశించి, ఆ తావునుండి రెండు గామాకిరణములు ఎదురెదురు దిశలకు పరుగిడును. తలచుట్టును వలయముగ అమర్చిన శోధకములు ఏకకాలమున తమను తాకిన జంటలను పట్టి, అవి బయలుదేరిన చోటును గణించును. తక్కిన స్కాన్లు ముఖ్యముగ అవయవముల ఆకృతిని చూపగా, ఇది వాని వ్యాపారమును చూపును. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లేయైన మెదడు శక్తిలో ఇంచుమించు ఐదవవంతు వ్యయపరచును గనుక, 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున తొలిసారి మనుష్యులకిచ్చిన ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజు, ఏ భాగము చురుకుగనున్నదో, ఏది మందగించినదో తెలిపెను. క్యాన్సరు వైద్యులు నేడు విశేషముగ వాడునదియు ఇదియే. కంతులును గ్లూకోజును ఆత్రముగ గ్రహించును.

అయినను గ్లూకోజు చూపునది ఫలితమునేగాని కారణమును కాదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమందలి విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ అను శాస్త్రజ్ఞులు, ప్రయోగశాలలలో ఆల్జీమర్ చూచిన ఆ మచ్చలకు అద్దు థయోఫ్లేవిన్ అను రంగునే తీసికొని, దాని విద్యుదావేశమును తొలగించి, రక్తమునుండి మెదడులోనికి చొరబారునట్లు మలచి, కార్బన్-11ను తగిలించిరి. ఆ కార్బన్ 20 నిమిషములలో సగము క్షయించును గనుక, దానిని పుట్టించు సైక్లోట్రాన్ యంత్రము చెంతనే రోగియు ఉండవలెను. 2002 ఫిబ్రవరిలో స్వీడన్ దేశపు ఉప్సాలా నగరమున ఒక రోగికి తొలిసారి దానినెక్కించినప్పుడు, ఆల్జీమర్ మరణానంతరము మాత్రమే చూడగలిగిన అమిలాయిడ్ మచ్చలు జీవించియున్న మనుజుని మెదడులో గోచరించెను. విజ్ఞానచరిత్రమున ఇంతకంటె ధన్యమైన ఘట్టములు మిక్కిలి అరుదని నా తలంపు.

కాని ఆ చిత్రములే ఒక చిక్కునుగూడ బయల్పరచెను. జ్ఞాపకశక్తి చెక్కుచెదరని వృద్ధులు కొందరిలోను ఈ మచ్చలు కనబడెను. మతిమరుపు పొడచూపుటకు పదునైదిరువది యేండ్ల ముందుగనే అవి పేరుకొనజొచ్చునని తేలెను. కావున మచ్చ కనబడినంతనే మతి పోవునని తీర్పు చెప్పరాదు. బుద్ధిక్షీణతతో మిక్కిలి సన్నిహితముగ నడచునది, ఆల్జీమర్ కణముల లోపల చూచిన ఆ మెలివడిన టౌ తంతువుల వ్యాప్తి. దానిని చూపు ఔషధము అమెరికాలో 2020లో అనుమతి పొందెను.

అమిలాయిడును తొలగించు లెకానెమాబ్ అను మందును పరీక్షించినప్పుడు, మచ్చలు తగ్గుట పెట్ చిత్రములలో స్పష్టముగ కనబడినది. రోగుల బుద్ధిక్షీణత 18 నెలలలో నూటికి 27 పాళ్లు నెమ్మదించెనేగాని, నిలిచిపోలేదు.